ఊఁకీ ఊహూఁకీ మధ్య

పోయినవారం కుసుమ టీచరును మీటింగు హాలు గుమ్మంలో నిలబెట్టి మనమంతా ఎవరి పనులకు వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆమె వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ముందు లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడదాం. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. తెలిసినవాళ్ళు ఈలోపు వక్కపొడి వేసుకోవచ్చు.

నరసరావుపేట నుంచి పడమటి దారిన పోతే, మిరపచేలు ఒక పక్కా నాపరాళ్ళ గుట్టలు ఒక పక్కా ఉన్నచోట నాగులేరు యూనివర్సిటీ ఉంది. అందులో కుసుమ కాంట్రాక్టు మీద పనిచేసే తెలుగు టీచరు. యాభై మూడేళ్ళ మనిషి. పేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆ ఇంట్లో నోరున్న వస్తువు కుక్కర్ ఒక్కటే, అదీ మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి, యూనివర్సిటీ పై అంతస్తులో, స్టూడియో అని పేరుపెట్టిన ఇరుకు గదిలో కెమెరా ముందు కూర్చుని 'కథ చెప్పే విద్య' అనే ఆన్‌లైన్ కోర్సు చెబుతుంది. ఎదురుగా తెర మీద నలభై నల్లటి గళ్ళు. ఏ గడిలోనూ మొహం కనపడదు. గొంతూ వినపడదు, పదిహేడో గడిలో తప్ప. అందులోంచి మాత్రం అప్పుడప్పుడూ 'ఊఁ' అని వస్తుంది.

ఆ కోర్సు ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చడానికి ఈవేళ స్టాఫ్ కౌన్సిల్ కూర్చుంది. గుమ్మం దగ్గర మినిట్స్ రాసే ధరణి కుసుమ చెయ్యి పట్టుకుని, "మేడం, లోపల ఏం విన్నా కుర్చీలోంచి లేవమాకండి" అంది. అక్కడ ఆగాం.

ఊఁ విలువ తెలియనివాళ్ళకు ఒక మాట. మన పక్క కథ చెప్పాలంటే చెప్పేవాడొక్కడే చాలడు, ఊకొట్టేవాడుండాలి. ఊఁ అన్నంతసేపే కథ నడుస్తుంది. గురజాల దగ్గర ఒకాయన రాజకుమారుడి కథ చెబుతూ ఉంటే, ఊకొట్టే మేనల్లుడు నిద్రపోయాడట. రాజకుమారుడు అప్పుడే గుర్రం ఎక్కబోతూ ఒక కాలు రికాబులో పెట్టాడు, రెండో కాలు నేల మీద ఉంది. ఊఁ లేదు కాబట్టి కథ అక్కడే నిలిపేసి ఆయన దుప్పటి కప్పుకున్నాడు. తెల్లారి మేనల్లుడు లేచి ఊఁ అనేసరికి రాజకుమారుడి కాలు వాచిపోయి ఉంది. ఆ కథలో పెళ్ళి ఆరు నెలలు వాయిదా పడింది. నమ్మితే నమ్మండి, లేకపోతే గురజాల వెళ్ళి అడగండి.

కుసుమ మొదటి పాఠంలోనే విద్యార్థులకు ఈ సంగతి చెప్పింది. "మీరు ఊఁ అనకపోతే నేను ముందుకు పోలేను" అంది. మూడు మంగళవారాలు ఎవరూ అనలేదు. తనే చెప్పి, తనే ఆగి, తనే కదిలింది. నాలుగో మంగళవారం పదిహేడో గడి ఊఁ అంది. అప్పటినుంచి పేటలో కూరగాయలు కొంటున్నా, బస్సులో కిటికీ పక్క కూర్చున్నా, ఏ చిన్న వింత కనపడినా, "ఇది మంగళవారం పదిహేడుకు చెప్పాలి" అనుకోవడం ఆమెకు అలవాటైంది. పదిహేడు ఎవరో తెలియదు. నాదెండ్లలో గిన్నెలు తోముకుని ఫోను ముందు కూర్చునే ఇల్లాలో, నూజెండ్లలో మోటారు కాపలా ఉన్న రైతో. ఎవరైతేనేం? తను మాట్లాడుతుంటే అవతల ఒక మనిషి ఉన్నాడు. అంతే ఆమెకు కావలసింది.

ఇక లోపలికి పదండి.

కౌన్సిల్ హాల్లో మధ్యనున్న బల్ల ఒకే ఒక్క మాచర్ల నాపరాయి. దాన్ని లోపలికి తెచ్చాక గుమ్మం కట్టారని చెబుతారు. ఆ బల్ల చుట్టూ కూర్చునే కౌన్సిల్ ఎంత నిదానమంటే, గోడ గడియారం కొనాలా వద్దా అని తేల్చేలోపు, సంతకం పెట్టిన సభ్యుల్లో ఇద్దరికి మనవలు పుట్టారు. కానీ ఈవేళ మాత్రం పనులు చకచకా నడుస్తున్నాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న రిజిస్ట్రారు త్రికోటేశ్వరరావుకు తొందరగా ఉంది. పైనుంచి ఏదో ఉత్తరం వచ్చిందని అందరూ అనుకుంటున్నారు.

"ఐటెమ్ నాలుగు. ఉద్యోగుల నియమావళికి సవరణ. చదువమ్మా ధరణీ" అన్నాడాయన.

ధరణి తల ఎత్తకుండా చదివింది. "విద్యార్థుల పేరుతో గానీ, విద్యార్థుల స్థానంలో గానీ ఆన్‌లైన్ తరగతులకు లాగిన్ అయిన ఉద్యోగిని వివరణ కోరకుండానే సర్వీసు నుంచి తొలగించవలెను. ఈ నియమం కిందటి జూన్ నుంచి అమల్లో ఉన్నట్టు భావించవలెను."

"అందరికీ సమ్మతమేగా?"

ఆ కౌన్సిల్లో ఎవరూ నోరు తెరవకపోతే సమ్మతమే. పాసైపోయింది. అప్పుడే తలుపు తోసుకుని అటెండరు పుల్లయ్య టీ గ్లాసుల ట్రేతో లోపలికి వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, అరిగిపోయిన చెప్పులు. ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన రెండు మాటలు కలిపి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఔనంటే ఊఁ, కాదంటే ఊహూఁ. ఆ రెంటితోనే పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ చేశాడు.

"ఐటెమ్ అయిదు" అన్నాడు రిజిస్ట్రారు. "కుసుమ మేడం కోర్సు. రూలు ప్రకారం విద్యార్థుల్లో ఒక్కరి నుంచైనా లైవ్ రెస్పాన్స్ ఉంటే కోర్సు ఉంటుంది. లేకపోతే ఇప్పటిదాకా చెప్పిన పాఠాల రికార్డింగులే వాడుకుంటాం, టీచరు కాంట్రాక్టు రెన్యువల్ ఉండదు. సుహైల్, నీ రిపోర్టు చెప్పు."

సుహైల్ కంప్యూటర్ల విభాగం చూసే ఉద్యోగి. ముప్ఫై ఆరేళ్ళవాడు. ఎప్పుడూ నవ్వుతూ తిరిగే మనిషి ఈవేళ లాప్‌టాప్ తెర వెనక మొహం దాచుకుని ఉన్నాడు.

"సార్, ఆ నలభై మందీ... మన స్టాఫే సార్."

"అంటే?" అంది కుసుమ.

"అంటే మేడం, కిందటేడు ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారని, అడ్మిషన్లు చూపించాలని, స్టాఫ్ పేర్లే ఎక్కించారు. తోటమాలి, డ్రైవర్లు, హాస్టల్ వాళ్ళు... వాళ్ళకు కూడా తెలీదు."

బల్లకు ఆ చివరనుంచి పకపకా నవ్వు వినపడింది. ఆర్థికశాస్త్రం చెప్పే రాజరత్నం. ఉద్యోగుల సంఘం కార్యదర్శి కూడా. గురజాల మనిషి, గొంతు పెద్దది, మనసు మెత్తన.

"ఏందయ్యా! అయితే హాస్టల్లో వంట చేసే శ్రీమన్నారాయణ పేరు కూడా ఉందా?"

"ఉంది సార్. మొదటి పరీక్షలో డెబ్బై ఎనిమిది మార్కులొచ్చాయి."

"అందుకేనా ఈమధ్య సాంబారు ఎందుకు మాడిందంటే కథలు చెబుతున్నాడు!"

అందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వబోయింది, పెదాలు సగంలో ఆగిపోయాయి. నలభై మందిలో ముప్ఫైతొమ్మిది మంది లేకపోయినా ఆమెకు పెద్ద బాధ లేదు.

"మరి పదిహేడు?" అంది.

సుహైల్ రిజిస్ట్రారు వంక చూశాడు. ఆయన కిటికీ వంక చూశాడు.

"పదిహేడు మనిషి కాదు మేడం" అన్నాడు సుహైల్. "లైవ్ రెస్పాన్స్ చూపించాలన్నారు. మా అమ్మీ టీవీ చూస్తూ ఊఁ అంటుంటే ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. పదిహేడో నంబరు కంప్యూటర్‌లో తొంభై సెకన్లకొకసారి అది మోగుతుంది. అంతే."

పుల్లయ్య ఒక టీ గ్లాసు తెచ్చి కుసుమ ముందు పెట్టాడు.

కుసుమ లేవలేదు. ధరణి ఎందుకు లేవద్దందో ఇప్పుడు అర్థమైంది. తొంభై సెకన్లు. తను బాధగా చెప్పినా ఊఁ, ఉత్సాహంగా చెప్పినా ఊఁ. కిందటి శ్రావణంలో జ్వరంతో వచ్చి, "ఈవేళ గొంతు బాగాలేదు, కాస్త ఓపిక పట్టండి" అన్నప్పుడు వచ్చిన ఊఁ విని ఇంటికి వెళ్ళి ఎంతసేపు తలచుకుందని! ఓపిక పట్టింది గడియారం.

"అయాం సారీ మేడం" అన్నాడు సుహైల్. "మీరు దానికి 'బాగున్నారా' అని కూడా అడిగేవాళ్ళు. నాకు వినలేక..."

"ఎవరు చెప్పారయ్యా నిన్ను ఆ పని చెయ్యమని?" అన్నాడు రాజరత్నం.

రిజిస్ట్రారు చేత్తో గాలి తోసేశాడు. "అవన్నీ ఇప్పుడు అప్రస్తుతం, రాజరత్నంగారూ. లైవ్ రెస్పాన్స్ లేదని తేలింది. అదీ పాయింటు."

ఆయన మొహం చూశాక, ఎవరు చెప్పారో ఆ గదిలో అర్థంకానిది కుసుమకొక్కదానికే. కానీ ఆయన చెప్పింది నోటిమాట. నోటిమాటకు ఫైలు నంబరుండదు.

"సమ్మతమేగా?" అన్నాడాయన.

అడిగాక ఆయన మూడు లెక్కపెడతాడు. ఒకటి. రెండు.

"ఒకసారి ఊహూఁ అన్నారు" అంది కుసుమ.

"ఏమిటి మేడం?"

"ఆ పదిహేడు. ఎప్పుడూ ఊఁ అనే మాట నిజమే. కానీ ఒక్కసారి ఊహూఁ అంది. దసరా సెలవుల ముందు మంగళవారం. మీ అమ్మగారి రికార్డింగులో ఊహూఁ ఉందా సుహైల్?"

సుహైల్ తల మొదటిసారి తెర వెనకనుంచి పైకి లేచింది. "లేదు మేడం. ఒక్క ఊఁనే ఉంది."

"అయితే వెయ్యి! ఆ రోజు పాఠం వెయ్యి!" అన్నాడు రాజరత్నం, కుర్చీ ముందుకు జరుపుకుని. "తొంభై సెకన్ల గంట ఊహూఁ అనదు గదా!"

రిజిస్ట్రారుకు ఇష్టం లేదు. కానీ సభ్యుడు అడిగితే వినిపించాలని రూలుంది. సుహైల్ వెతికి, శబ్దం ఒక్కటే స్పీకర్లో పెట్టాడు. కుసుమ గొంతు హాలంతా నిండింది. ఆమెకు అది ఎవరో పరాయి మనిషి గొంతులా అనిపించింది. మరీ అంత బతిమాలుతున్నట్టు మాట్లాడుతుందా తను?

ఆ రోజు చెప్పిన కథ ఇది. బెల్లంకొండ దగ్గర ఒక రైతు మిరప పండించాడు. ఆ కాయ ఎంత ఘాటంటే దాని నీడలో పడుకున్న మేకకు కూడా చెమటలు పట్టేవి. ఒక దొంగ రెండు బస్తాలు ఎత్తుకుపోయాడు. మోస్తున్నంత దూరం వాడి కళ్ళమ్మట ధారలు. తెల్లారి రైతు లేచి చూస్తే కల్లంలోంచి బాటమ్మట తడి. ఆ కన్నీళ్ళ జాడ పట్టుకుని రైతు నడిచాడు, నడిచాడు. నడుస్తుంటే ఆ ఘాటుకు ఆయన కళ్ళూ కారాయి. జాడ ఒక గుడిసె ముందు ఆగింది. తలుపు కొట్టాడు. దొంగ తలుపు తీశాడు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే. వీడెందుకు ఏడుస్తున్నాడో వాడికి తెలీదు, వాడెందుకు ఏడుస్తున్నాడో వీడికి తెలీదు.

"అంతేనా?" అని స్పీకర్లోని కుసుమ అడిగింది. "కథ అయిపోయినట్టేనా?"

ఫ్యాను తిరుగుతున్న శబ్దం. ఒక్క క్షణం. రెండు.

"ఊహూఁ."

నోరు మూసుకుని ముక్కుతో అన్న మాట. బొంగురుగా, మెల్లగా ఉంది. ఆడదో మగదో తెలియదు. కానీ మనిషిది. ఆ మాటలో ఇంకా చెప్పమనే బతిమాలాట ఉంది, ఆ ఇద్దర్నీ అలా ఏడుస్తూ వదిలెయ్యొద్దనే కోపం కూడా కాస్త ఉంది.

ఆ ఊహూఁ విన్న రోజు కుసుమ ఇంటికి వెళ్ళి కుక్కర్ పెట్టడం మర్చిపోయి, దొంగకూ రైతుకూ మధ్య తర్వాత ఏం జరగాలో ఆలోచిస్తూ కూర్చుంది. ఏళ్ళ తర్వాత ఒక మనిషి ఆమెను ఏదో కావాలని అడిగాడు.

హాల్లో అందరూ స్పీకర్ వంక చూస్తున్నారు. కుసుమ ఒక్కతే తలుపుకు ఎదురుగా కూర్చుంది. అందుకని ఆమెకొక్కదానికే పుల్లయ్య కనపడ్డాడు. ఖాళీ గ్లాసులు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. గ్లాసులు ఏరడం అయిపోయినా బయటికి పోలేదు. ఆయన కళ్ళు నేల మీద ఉన్నాయి.

ఆమెకు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. కింది అంతస్తులో కంప్యూటర్ లాబు. దాని తాళం పుల్లయ్య దగ్గర. మంగళవారం నాలుగింటికి నలభై కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆన్ చేసి నలభై పేర్లతో లాగిన్ చెయ్యమని ఆయనకు ఎవరో నోటిమాటగా చెప్పి ఉంటారు. నలభై తెరల మీదా తన మొహమే. నలభై కుర్చీలూ ఖాళీ. తాళం వేసుకుని పోవచ్చు, టీ తాగి రావచ్చు. ఈ మనిషి పోలేదు. ఫ్యాను కింద, పదిహేడో నంబరు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పైన తనొక్కతే గోడతో మాట్లాడుతున్నాననుకున్నప్పుడు, కింద అయిదో తరగతితో చదువాపేసిన పుల్లయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. ముప్ఫై మెట్ల దూరం. రోజూ పొద్దున తనకు టీ ఇచ్చి వెళ్ళే మనిషి.

"మనిషే!" అని రాజరత్నం బల్ల చరిచాడు. "లైవ్ రెస్పాన్స్ అంటే ఇదేనయ్యా! కోర్సు నిలబడ్డట్టే. ధరణీ, రాసుకో."

"ఆగండి" అన్నాడు రిజిస్ట్రారు. ఆయన మొహం పాలిపోయింది. మనిషి ఉన్నాడంటే లాబు తెరిచినవాడున్నాడని, తెరిచినవాణ్ణి అడిగితే తెరవమన్నది ఎవరో చెబుతాడని ఆయన లెక్క. "ఆ గొంతు ఎవరిదో తెలియకుండా ఎలా? విద్యార్థి అయితే కోర్సు ఉంటుంది. ఉద్యోగి అయితే ఇందాకే పాస్ చేశాం, ఐటెమ్ నాలుగు. ఉద్యోగం పోతుంది."

"విద్యార్థే అయ్యుంటాడు. ఎవడో పిల్లగాడు చల్లగాలికి లాబులోకి వచ్చి కూర్చున్నాడేమో" అన్నాడు రాజరత్నం. కుసుమను గెలిపించాలన్న హుషారులో ఆయన చుట్టూ చూశాడు. తలుపు దగ్గర మనిషి కనపడ్డాడు. "అడిగితే సరిపోయె! పుల్లయ్యా, లాబు తాళం నీ దగ్గరేగా? దసరా ముందు మంగళవారం లోపలికి ఎవరన్నా వచ్చారా? నీకేమైనా గుర్తుందా?"

ఇరవై మూడు తలలు ఒక్కసారిగా తలుపు వైపు తిరిగాయి.

పుల్లయ్యకు వచ్చిన మాటలు రెండే. ఎవరో వచ్చారంటే ఊఁ. రాలేదంటే ఊహూఁ. ఆ ఊహూఁ ఇప్పుడే అందరి చెవుల్లోంచీ వెళ్ళింది, ఇంకా వేడిగా ఉంది. మంచి మనసుతో రాజరత్నం ఆ ముసలాయన్ని గోతి అంచున నిలబెట్టాడు. ఎనిమిది నెలలు ఆగితే దండ వేసి ఆటోలో ఇంటికి పంపాల్సిన మనిషిని.

పుల్లయ్య తల ఎత్తాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ గొంతు నాదే సార్" అంది కుసుమ.

రాజరత్నం వెనక్కి తిరిగాడు. "ఏందమ్మా?"

"నాదే." కుసుమ లేచి నిలబడింది. "ఊకొట్టేవాళ్ళు లేకుండా కథ చెప్పడం నాకు చేతకాదు. అవతల ఎవరూ లేరని నాకు ముందే అనుమానంగా ఉంది. అందుకని నా ఫోనులో పదిహేడో నంబరుతో లాగిన్ అయ్యి, నేనే అడిగి నేనే ఊహూఁ అన్నాను. మీరు ఒంటరిగా ఉండి చూడండి సార్. మనిషి తనకు తనే బదులు చెప్పుకోవడం మొదలుపెడతాడు. ఇంట్లో రోజూ చేసేదే. ఇక్కడ ఒకసారి చేశాను."

అందులో లాగిన్ సంగతి అబద్ధం. మిగతాదాంట్లో ఎంత అబద్ధమో ఆమెకే తెలియదు.

ధరణి కలం ఆగిపోయింది. పుల్లయ్య ట్రేను కిటికీ గట్టు మీద పెట్టేసి రెండడుగులు ముందుకు వేశాడు. కుసుమ ఆయన వంక తిరిగి, "పుల్లయ్యా, నాకు ఇంకో టీ తీసుకురా. ఇది చల్లారిపోయింది" అంది. ఎంత గట్టిగా అందంటే ఆయన కదలలేక నిలబడిపోయాడు. "వెళ్ళు నాయనా."

"టీచరమ్మా..." అన్నాడు పుల్లయ్య. ఆయన నోట ఆ కౌన్సిల్ హాలు విన్న మొదటి మాట అది. కాళ్ళు మాత్రం గుమ్మం దాటలేదు.

రిజిస్ట్రారు ఊపిరి తీసుకున్నాడు. ఆయన భుజాలమీంచి పెద్ద బరువు దిగిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడం స్వయంగా ఒప్పుకున్నారు. మనకు ఇంక విచారణ అక్కర్లేదు. ఐటెమ్ నాలుగు ప్రకారం ఈరోజు నుంచే... రాసుకో ధరణీ."

"రాయమాక!" అని అరిచాడు రాజరత్నం. కళ్ళజోడు తీసి బల్లమీద పడేశాడు. "నేను నమ్మను. తొమ్మిదేళ్ళుగా ఎరుగుదును ఈ మనిషిని. పక్కవాళ్ళ పెన్ను పొరపాటున ఇంటికి పట్టుకుపోతే మర్నాడు ఉదయం ఫస్ట్ బస్సుకొచ్చి ఇచ్చిపోయే మనిషి దొంగ లాగిన్ చేసిందంటే ఎట్టా నమ్మేది? చానా తప్పు జరుగుతోందిక్కడ. సుహైల్, ఇందాక వినిపించావే, దానికి బొమ్మ కూడా ఉందిగా?"

"ఉంది సార్. వీడియో మొత్తం ఉంది."

"గోడమీద వెయ్యి. కెమెరా మేడం మొహం మీదే ఉంటుంది. ఆమె అందో లేదో ఆమె మొహమే చెబుతుంది."

"వేస్టు ఆఫ్ టైమ్" అన్నాడు రిజిస్ట్రారు.

"నియమం ప్రకారం అడుగుతున్నా. రుజువు చూపమని సభ్యుడు అడిగితే చూపాలి. అధ్యక్షులవారికి ఆ రూలు గుర్తుందిగా?"

కుసుమ భయపడలేదు. మెల్లగా కూర్చుంది. ఊహూఁ అనడానికి పెదాలు కదపనక్కర్లేదు. తెలుగులో నోరు మూసుకుని చెప్పగలిగిన మాటలు రెండే ఉన్నాయి, ఆ రెండూ పుల్లయ్య దగ్గరే ఉన్నాయి. మొహం చూసి ఎవరు మాత్రం ఏం తేలుస్తారు? బొమ్మలో తను నోరు మూసుకుని ఉంటుంది. ఊహూఁ వినపడుతుంది. సరిపోతుంది. కోర్సు పోతుంది, కాంట్రాక్టు పోతుంది, మంగళవారాలు పోతాయి. ఆ ముసలాయన నిలబడతాడు.

లైట్లు ఆర్పారు. గోడమీద ఆరడుగుల ఎత్తున కుసుమ వచ్చింది. బెల్లంకొండ రైతు కన్నీళ్ళ జాడ పట్టుకుని నడుస్తున్నాడు. తలుపు కొట్టాడు. దొంగ తలుపు తీశాడు.

తను అంత ఆశగా మొహం పెట్టుకుని కెమెరాలోకి చూస్తుందని కుసుమకు ఇన్నాళ్ళూ తెలియదు. గోడమీది ఆ మనిషిని చూస్తే ఆమెకు సిగ్గేసింది, జాలేసింది.

"అంతేనా? కథ అయిపోయినట్టేనా?" అంది గోడమీది కుసుమ.

అని, బదులు కోసం ఆగిన ఆ ఖాళీలో, చెయ్యి పక్కకు చాచి మంచినీళ్ళ బాటిల్ అందుకుంది.

కుర్చీలో ఉన్న కుసుమ బల్ల అంచు పట్టుకుంది. గంటసేపు గొంతు ఎండేలా మాట్లాడి, ఎవరూ పలకని ఆ రెండు క్షణాలూ ఏం చెయ్యాలో తోచక, ప్రతిసారీ నీళ్ళు తాగడం తన అలవాటు. అది ఆమెకు గుర్తే లేదు.

సుహైల్ ముందుగా చూశాడు. వేలు బటన్ మీద ఉంచి, చీకట్లో ఆమె వైపు ఒంగి, ఆమెకు తప్ప ఎవరికీ వినపడకుండా అడిగాడు. "మేడం... ఆపమంటారా?"

గోడమీద బాటిల్ మూత ఊడింది. గుటక వేస్తూ ఊహూఁ అనగలిగిన మనిషి ఈ పల్నాడులో ఇంతవరకూ పుట్టలేదు.